కోట పోయిన కుందేలు

ఆ రోజుల్లో విశాఖలో మేడ మీద ఒంటిగదిలో అద్దెకుంటూ కూడా నేను వెన్ను వంచి కూర్చునేవాణ్ణి కాదు. తాతగారి సరుకు పడవలు, బంగళా, ఆఖరికి నా వీడియో గేమ్ పెట్టె కూడా అమ్ముడుపోయాయి కానీ, ఒక్క బిరుదు మాత్రం మిగిలింది. మా వీధి మొత్తానికి కుందేలు ఆట పూర్తి చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. (రిమోట్ ఇంకొకరి చేతికిచ్చే అలవాటు మా ఇంట్లో లేదనుకోండి. నేను కుర్చీలో, మిగతావాళ్లు చాప మీద.) టీవీ కార్టూన్‌లో వచ్చే కుందేలు యువరాజు, పోయిన తన కోట కోసం గట్టు మీంచి గట్టు మీదికి గెంతుతూ పోయే ఆట అది.

నేను అచ్యుతాపురంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఆటను మళ్లీ తయారుచేసి విడుదల చేశారు. కొన్నది మా ఐసు బావ. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పని కనుక ఆ పేరు. బంధుత్వమేమీ లేదు, చిన్నప్పుడు మా చాప మీద కూర్చుని నా ఆట చూసినవాడు. ఆదివారం తన ఇంటికి పిలిచి, నాకు కుర్చీ వేసి, తను అలవాటుగా చాప మీదే కూర్చున్నాడు. మొదలవగానే నేను లోపాలెంచాను. బటన్ నొక్కిన కాసేపటికి గాని కుందేలు ఎగరదు. దిగాక జారుతుంది. పాత సంగీతాన్ని పెళ్లి బ్యాండుకి అప్పగించినట్టున్నారు. "ఇది మా కుందేలు కాదు" అంటూనే మొదటి గోతిలో పడ్డాను.

"ఏటి సినబాబూ, ఛాంపియన్‌వి గదా" అన్నాడు బావ.

కొత్త ఆట ఇద్దరూ కలిసి ఆడాలి. ఒక కుందేలు గోతి అంచున వేలాడితే రెండోది చెయ్యి చాస్తుంది. వేలాడేవాడు బటన్ నొక్కితే పైకొస్తాడు, నొక్కకపోతే ఇద్దరూ మొదటికి. బంగళా పోయినప్పుడే ఎవరి సాయమూ పుచ్చుకోని ఇంటివాణ్ణి, గోతికి లొంగుతానా? నొక్కలేదు. మళ్లీ పడ్డాను, మళ్లీ నొక్కలేదు. ఎదురుగా కోట గుమ్మం కనిపిస్తుండగా కూడా పడ్డాను.

"సెయ్యందుకో. నువ్వు పడితే నాను కూడా మొదట్నుంచి గెంతుకు రావాల."

"మావాళ్లు ఎవరి చెయ్యీ అందుకోలేదు."

"అన్నేళ్లు మీ సాప మీద కూకున్నాను, నాను మీవోణ్ణి కానేటి?"

ఈసారి నొక్కాను. కుందేలు లేచింది, వెన్ను నిటారుగానే లేచింది. కోట తలుపులు తెరుచుకున్నాయి. తెర మీద పేర్లు అడిగితే బావ ముందు నా పేరే కొట్టాడు. నేను అడ్డు చెప్పలేదు. (మర్యాద తెలిసినవాణ్ణి ఆపకూడదు.) తరువాతి ఆదివారం నేనూ చాప మీదే కూర్చున్నాను. నిటారుగానే.

ఇప్పటికీ ఆఫీసులో ఎవరైనా ఆ ఆటను పాడుచేశారని, కుందేలు ఆలస్యంగా ఎగురుతుందని అంటే ఊరుకోను. "పెద్దింటి బిడ్డయ్యా, తొందరపడదు" అంటాను. కుర్చీలో బిగుసుకు కూర్చున్న ఆనాటి చినబాబును తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. వాడూ అంతే కదా, నొక్కిన చాలాసేపటికి గాని ఎగరలేదు.