అక్కను భయపెట్టడానికి మూడు ఆదివారాలు

ఆ రోజుల్లో అంటే కిరోసిన్ దీపాల కాలమని అనుకోకండి. లాక్‌డౌన్‌కు కాస్త ముందు, చేతిలో ఫోను, ఫోనులో నెట్టు అన్నీ ఉన్న రోజులే. నాకు లేనిదల్లా నోరు. అంటే మూగవాణ్ణని కాదు, ఇంట్లో అమ్మ దగ్గర ఎంతైనా వాగేవాణ్ణి. కాని ఎదురుగా నలుగురు కూర్చుని నా ముఖంలోకి చూశారంటే చాలు, గొంతు తడారిపోయి మాట లోపలే నిలబడిపోయేది. బెంగళూరులో ఒక కంపెనీ వాళ్లు మూడు నెలలు శిక్షణ ఇచ్చి, చివర్లో 'కమ్యూనికేషన్ లేదు' అని ఒక్క ముక్క చెప్పి ఇంటికి పంపేశారు. పెట్టె పట్టుకుని మదనపల్లె బస్టాండులో దిగితే నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. 'టిఫిన్ తిన్నావా' అని మాత్రం అడిగాడు. (తిట్టివుంటే బాగుండేది. ఆ ప్రశ్నకు తల ఊపి పెట్టె ఎత్తుకున్నాను.) వారం తిరగకముందే కుప్పంలో ఒక జూనియర్ కాలేజీ నుంచి పిలుపొచ్చింది. జువాలజీ లెక్చరర్ ఉద్యోగం, నెల తర్వాత సోమవారం డెమో క్లాసు. అరవైమంది పిల్లలు, వెనక బెంచీలో ప్రిన్సిపాల్, పాఠం పేరు గుండె. అక్కడ కూడా నోరు పెగలకపోతే మళ్లీ అదే బస్టాండులో దిగి మళ్లీ అదే ప్రశ్న వినాలి. ఈసారి వినేది లేదని గట్టిగా అనుకున్నాను.

బెంగళూరు నుంచి నేను తెచ్చుకున్న ఆస్తి ఒక ఆట. హాస్టల్లో ఒకతను ఆడించేవాడు. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకడు దయ్యం కథ నడుపుతాడు, తక్కినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని 'నేను తలుపు తీస్తాను', 'నేను పారిపోతాను' అని చెబుతుంటారు, తీయగలిగారా పారిపోగలిగారా అన్నది పాచికలు తేలుస్తాయి. అంతే, వేరే ఏమీ ఉండదు. అయినా ఆ ఆట ఆడిన మొదటిరోజు నేను బాత్‌రూముకు తోడు తీసుకుని వెళ్లాను. మరి అలా కూర్చోబెట్టి నా నోటితో ఒక్కరినైనా భయపెట్టగలిగితే అరవైమందికి గుండె పాఠం చెప్పలేనా అనిపించింది. ఎవరినో భయపెడితే లాభం లేదు, మా పెద్దమ్మ కూతుర్నే భయపెట్టాలి. ఆమె మదనపల్లెలో నర్సు, మా ఇంటిల్లిపాదికీ సూదులక్క. ప్రమాదాల వార్డులో పదేళ్లు చేసిన మనిషి. విషయం చెబితే చేతిలో పని ఆపకుండానే, "మూడు ఆదివారాలు వస్తా రా అబ్బోడా. మూడింట్లో ఒకసారన్నా నన్ను భయపెట్టు. లేదంటే ఆ డెమోకు పోయి యాల నవ్వులపాలు అయ్యేది, మానుకో" అంది. నేను సరేనన్నాను.

ఆట స్థలం పుంగనూరులో ఫ్రేముల భాయ్ షాపు. భాయ్ నాకు కాలేజీలో స్నేహితుడు, వాళ్ల అబ్బాజాన్ కాలం నుంచి ఫోటోలకు ఫ్రేములు కట్టే పని. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి, షట్టరు సగానికి దించి బల్ల ఖాళీ చేసి ఇచ్చేవాడు. నాలుగోవాడు రామకుప్పం నుంచి వచ్చి పుంగనూరు డెయిరీలో పనిచేసే సంగటి. (ఏ హోటల్లో ఏం పెట్టినా 'సంగటి లేనిది అదేం తిండప్పా' అనేవాడు, అందుకని ఆ పేరు.) వాడికి దయ్యాలంటే భయం లేదు. వాళ్ల రాగిచేలో ఏనుగులు పడ్డప్పుడు డబ్బాలు కొట్టి తరిమిన చేతులవి.

నోరు తడబడితే బొమ్మ ఆదుకుంటుందని నా లెక్క. అందుకని మొదటి ఆదివారానికి నెట్టులో వెతికి వెతికి ఒక పాడుబడిన కోట బొమ్మ, మంచులో ఎండుచెట్లు, కిటికీలో తెల్లటి ఆడమనిషి, నేల మీద నెత్తురు చెయ్యి, మొత్తం పన్నెండు రంగు ప్రింట్లు తీయించాను. కథ చెప్పే అవసరమే లేకుండా ఒక్కొక్కటీ బల్ల మీద పెడితే చాలనుకున్నాను. మొదటి బొమ్మ పెట్టి, "ఇదీ మీరొచ్చిన ఇల్లు" అన్నాను. అంతవరకు బాగానే పలికింది. సంగటి బొమ్మను చేతిలోకి తీసుకుని, "ఇది యాడుండాదప్పా? చలి దేశమా? సున్నం కొట్టక శానా రోజులైనట్టుండాది" అన్నాడు. "ఇంత ఇల్లు ఊడ్చేదానికి ఎంతమంది కావల్లో" అని అక్క నిట్టూర్చింది. భాయ్ బొమ్మను వెలుతురుకు పట్టి, దీనికి నల్ల బార్డరు కన్నా గోల్డ్ బార్డరు బాగుంటుందన్నాడు. చివరికి నా బ్రహ్మాస్త్రం, నెత్తురు చెయ్యి తీశాను. అక్క కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇది రగతం కాదు రా. ఇంతసేపు నేల మీదుంటే గడ్డకట్టుండల్ల. రంగు నీళ్లు" అని తేల్చి, ఆపైన గాయానికి కుట్లు ఎలా వేస్తారో అరగంట చెప్పింది. అందరూ నోరు తెరుచుకుని విన్నారు. ఆ రోజు భయపెట్టిందెవరైనా ఉంటే అది అక్కే.

పరాయి దేశపు భయాలు మనకు పట్టవని అర్థమైంది. రెండో ఆదివారానికి మన భయమే కావాలని పట్టుబట్టి కూర్చున్నాను. నాలుగు రోజులు, రాత్రి భోజనం కూడా పక్కన పెట్టి, నా చేతులతో నేనే గీశాను. ఉరిమి చూసే ఎర్రటి కళ్లు, పక్కలకు వంగిన కోరలు, గడ్డం దాకా వేలాడే నాలుక, గుమ్మడికాయంత ముఖం. అమ్మ చూసి 'బాగుండాది నాయనా' అంది. (అప్పుడే అనుమానం రావలసింది.) భాయ్ దగ్గరే లామినేషన్ చేయించి, కథ మంచి పట్టులో ఉండగా, అంటే నేను వరసగా మూడు వాక్యాలు చెప్పగలిగిన తర్వాత, ఠక్కున బల్ల మీద నిలబెట్టాను. ముగ్గురూ చూశారు. ముగ్గురి ముఖాల్లోనూ ఏదో ప్రశాంతత కనిపించింది.

"దిష్టిబొమ్మ గదా" అంది అక్క. "శానా బాగ గీసినావు రా. మా మేడ మీద స్లాబు పడతాండాది, ఒగటి ఇయ్యి, కడతాం."

"నాక్కూడా భయ్యా" అన్నాడు భాయ్. "షాపు ముందర పెడతా. నజర్ తగులుతుండాది ఈ మధ్య."

సంగటి కూడా వాళ్ల నాయన రాగిచేనుకని ఒకటి అడిగాడు. కాపాడే బొమ్మను పట్టుకుని భయపెట్టబోయిన మొదటివాణ్ణి బహుశా నేనే. మన వైపు ఇంత భయంకరమైన ముఖం కనిపిస్తే ఎవరైనా హమ్మయ్య అనుకుంటారే గాని అదరరన్న సంగతి, కట్టే ప్రతి ఇంటి ముందూ దాన్ని చూస్తూ పెరిగిన నాకు తట్టలేదు. అలా నా భూతం మూడు కాపీలు పోయింది. రామకుప్పం కాపీ గురించి మాత్రం సంగటి తర్వాత ఫోనులో చెప్పాడు. "ఏనుగులొచ్చి దాన్ని తొక్కేసి పోయినాయప్పా. ఏమనుకోవద్దు."

ఇక మిగిలింది ఒకే ఆదివారం, దాని మర్నాడే డెమో. బుధవారంనాడు పుంగనూరు వెళ్లి భాయ్ షాపులో కూర్చున్నాను. అక్కడ ఒక మూల, అటక కింద, ఇరవై ముప్పై ఫ్రేములు గోడవైపు ముఖం పెట్టి నిలబెట్టి ఉన్నాయి. ఎప్పుడూ చూసేవే గాని అడగలేదు. అడిగితే, కట్టమని ఇచ్చి మళ్లీ తీసుకుపోనివాళ్ల ఫోటోలన్నాడు భాయ్. నా కళ్లు మెరిశాయి. తెలియని ముసలివాళ్లు, పాత ముఖాలు, ఇంతకన్నా మంచి దయ్యాలు ఎక్కడ దొరుకుతాయి. రెండు ఇమ్మన్నాను.

"నక్కో భయ్యా" అన్నాడు భాయ్, ఎప్పుడూ లేనిది కాస్త గట్టిగా. "అమానత్ అవి. మన దగ్గర నమ్మి పెట్టి పోయినారు. వాళ్లోళ్లు వచ్చేదాకా ఇంకొకరికి ముఖం చూపించకూడదని అబ్బాజాన్ చెప్పినాడు. అందుకే గోడకు తిప్పి పెడతాం."

నేను వదల్లేదు. బతిమాలాను, డెమో సంగతి చెప్పాను, నాన్న సంగతి కూడా చెప్పాను. చాలాసేపు ఆలోచించి, "తిప్పకుండా, వీపు మాత్రమే చూపిస్తే ఇస్తా" అన్నాడు. వీపు చూపించి ఏం భయపెట్టను? కాని వేరే దారి లేదు. వస్తూ వస్తూ, "వీళ్లెవరో, ఎందుకు రాలేదో నీకెప్పుడూ అడగాలనిపించలేదా" అన్నాను. భాయ్ ముందున్న ఫ్రేము వీపు మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

ఆదివారం వచ్చింది. షట్టరు సగం దించి ఉంది, లోపల మసక వెలుతురు. భాయ్ అన్నిటికన్నా ముందున్న ఒక ఫ్రేమును బల్ల మీద గోడవైపు తిప్పి నిలబెట్టాడు. మాకు కనిపించేది వెనక అట్ట, నాలుగు మేకులు, ఒక పాత చీటీ. చూపించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. ముగ్గురూ నా ముఖం వైపే చూస్తున్నారు. గొంతు ఎండింది. నీళ్లు తాగాను. మళ్లీ ఎండింది. అయితే ఏమయింది, ఎండిన గొంతుతోనే చెబుదామనుకున్నాను.

"మీరు అద్దెకు దిగిన ఇంట్లో ఈ ఫోటో ఉంది" అని మొదలుపెట్టాను. గొంతు వణికింది, వణకనిచ్చాను. "ఇందులో ఒకామె ఉంది. ఫోటో తీసినప్పుడు కెమెరా వైపే చూసింది. ఇక్కడ వదిలేసి వెళ్లాక తల కొంచెం తిప్పింది. ఇప్పుడు తలుపు వైపు చూస్తోంది. తనను వదిలేసినవాళ్లు వస్తారని చూస్తోంది. రోజుకొక అడుగు అద్దం దగ్గరికి వస్తోంది." కొంచెం ఆగాను. ఎవరూ సున్నం గురించి మాట్లాడలేదు. "ఇవాళ అద్దానికి చెయ్యి ఆనించింది. తిప్పి చూస్తావా అక్కా?"

అక్క పాచికలు చేతిలోకి తీసుకుంది. వేయలేదు. ఫ్రేము వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. "వద్దులే రా" అంది, గొంతు తగ్గించి. "ముఖం కనపడితే ఏం చెయ్యల్లో నాకు తెలుసు. కనపడకపోతే ఏం చెయ్యల్ల? అట్లే ఉండనీ."

సరిగ్గా అప్పుడు ఎవరో బయట నుంచి షట్టరు మీద మూడుసార్లు కొట్టారు. సంగటి స్టూలు మీద నుంచి కింద పడ్డాడు. అక్క నా మోచెయ్యి పట్టుకున్న పట్టుకు గోళ్ల గుర్తులు రెండు రోజులున్నాయి. నేనూ లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు, పారిపోవడానికే అయ్యుండాలి. షట్టరు కింద నుంచి వంగి యాభై ఏళ్ల మనిషొకాయన లోపలికి వచ్చాడు. చేతిలో సంచి, కాళ్లకు దుమ్ము.

"భాయ్ ఉండాడా? గుడుపల్లె నుంచి వస్తాండాను. మాయమ్మ ఫోటో ఉండాదని ఫోను చేసినారే."

భాయ్ నాలుక కరుచుకున్నాడు. నేను అడిగిన మాట బుర్రలో తిరిగి, గురువారం నుంచి ఫ్రేముల వెనక చీటీల మీదున్న నంబర్లన్నిటికీ ఫోన్లు చేశాడట. ఒక్కాయన మాత్రమే వస్తానన్నాడట. ఆయన అమ్మ ఫోటోనే తుడిచి అన్నిటికన్నా ముందు పెట్టాడు, దాన్నే తెచ్చి మా ముందు నిలబెట్టాడు, ఆట సందడిలో మాకు చెప్పడం మరిచిపోయాడు. ఇప్పుడు దాన్ని తీసి ఆయన చేతికిచ్చాడు. స్టూడియో పరదా ముందు నిలబడ్డ ఒక మామూలు ముసలామె, కొంగు సర్దుకుంటూ, చిన్నగా నవ్వుతూ ఉంది. ఆయన ఫ్రేమును ఒళ్లో పెట్టుకుని సంగటి పడ్డ స్టూలు మీదే కూర్చున్నాడు.

"నాలుగేండ్లైంది ఇచ్చి" అన్నాడు, అడక్కుండానే. "ఇంటికి తీసకపోయి దండేస్తే మాయమ్మ లేనట్టే గదప్పా. అందుకని రాలేదు." సంచి కింద పెట్టి, "నేనొచ్చేటప్పుడు ఏమో చెప్పుకుంటాండారు. ఆపేసినారే" అన్నాడు.

"మా తమ్ముడు కథ చెప్తాండాడన్నా" అంది అక్క.

"ఏం కథ?"

నలుగురూ నా వైపు చూశారు. కన్నతల్లిని దయ్యం చేసి, కన్నకొడుకు ముందు దొరికిపోయాను. ఏదో ఒక అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. కాని మళ్లీ నోరు మూసుకుంటే రేపు కుప్పంలో కూడా మూతబడుతుందని గట్టిగా అనిపించింది. సిగ్గుతో చెవులు కాలుతుండగా మొత్తం చెప్పేశాను. ఫోటోలో ఒకామె ఉందని, తలుపు వైపు చూస్తోందని, వదిలేసినవాళ్ల కోసం చూస్తోందని, ఇవాళ అద్దానికి చెయ్యి ఆనించిందని. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

ఆయన చాలాసేపు ఫోటోనే చూశాడు. "దీంట్లో భయమేముండాదప్పా" అన్నాడు చివరికి. "నాలుగేండ్లూ మాయమ్మ నన్ను తిట్టుకుంటాంటాదనుకున్నా. నువ్వు ఎదురుసూస్తాండాదని చెప్తాండావు." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. సంచిలో ఫ్రేమును జాగ్రత్తగా పెట్టుకుని, షట్టరు దగ్గర వంగబోతూ ఆగి, "తలకాయ తలుపు దిక్కు అన్నావు గదా. అట్లయితే తలుపుకు ఎదురుగానే తగిలిస్తా. పొద్దుగూకి నేను ఇంట్లోకొచ్చేది ఆయమ్మకు కనపడతాది" అని వెళ్లిపోయాడు. అక్క ఏడుస్తూ ఉంది, నేనూ ఏడ్చాను, దాచుకునేదేముంది. మదనపల్లె బస్సు హారన్ వినబడితే నేనూ అక్కా లేచి షట్టరు కింద నుంచి బయటికి వచ్చాం.

"భయపడినావా అక్కా?" అని బస్సులో అడిగాను. "స్కోరు వదిలెయ్యి రా" అంది అక్క. "రేపు పొయ్యి చెప్పు." మర్నాడు కుప్పంలో చార్టులు చుట్టినవి చుట్టినట్టే బల్ల మీద పెట్టి, పిల్లల ముఖాల్లోకి చూశాను. గొంతు వణికింది, అయినా నలభై నిమిషాలు గుండె గురించి చెప్పాను. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ నిద్రపోలేదు. ఆ సాయంత్రం మదనపల్లెలో బస్సు దిగితే నాన్న ఎప్పటిలాగే 'టిఫిన్ తిన్నావా' అన్నాడు. లేదు, చాలా ఆకలిగా ఉందని గట్టిగా చెప్పాను. ఇద్దరం బస్టాండు పక్కనే దోసెలు తిన్నాం.

ఇప్పుడు నేను సీనియర్ లెక్చరర్ని. పక్క గదిలో ఇంగ్లీషు పాఠం చెప్పుకునే మేడమ్ నెలకోసారి వచ్చి, గొంతు కాస్త తగ్గించమని అడిగి పోతుంది. పిల్లలు నాకు పెట్టిన పేరు లౌడ్‌స్పీకర్ అని ఈ మధ్యే తెలిసింది. ఒక్కోసారి గంట కొట్టాక, నోరు నొప్పి పుట్టి స్టాఫ్‌రూములో కూర్చున్నప్పుడు, పన్నెండు రంగు బొమ్మలు చంకన పెట్టుకుని పుంగనూరు బస్సెక్కిన ఆ గొంతు పెగలని కుర్రాణ్ణి ఒకసారి ఎదురుగా కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. వాడు ఏమీ మాట్లాడడని తెలుసు. నేనే నోరు మూసుకుని, వాడు మొదలుపెట్టేదాకా ఎంతసేపైనా కూర్చుంటాను.