పొగ లేని వంటగదిలో విత్తనాలు

2022 ఫిబ్రవరి. విజయనగరంలో నా మాడ్యులర్ కిచెన్ల వర్క్‌షాపు మొదలై అప్పటికి పదకొండేళ్లు. మాడ్యులర్ కిచెన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. వంటగది అరలన్నీ విడివిడి పెట్టెలుగా వర్క్‌షాపులోనే చేసి, ఇంటికి పట్టుకెళ్లి గోడకు బిగించడం. అపార్ట్‌మెంట్లకు చేసీ చేసీ విసుగెత్తి ఉన్న రోజుల్లో అరకు నుంచి పని వచ్చింది. కొండమీద ఇల్లనగానే రెండో ఆలోచన లేకుండా ఒప్పుకున్నాను.

ఇల్లు అరకు నుంచి లోపలికి ఎనిమిది కిలోమీటర్లు, కాఫీ తోట పక్కన. ఇంటావిడ సుమిత్ర ఆశ్రమ పాఠశాలలో టీచరు. భర్తకు డొంకరాయి పవర్ ప్రాజెక్టులో ఉద్యోగం, నెలకు రెండుసార్లు వస్తాడు. మిగతా రోజులన్నీ ఇంట్లో సుమిత్ర, ఆమె అత్తగారు బుద్రమ్మ, ఇద్దరే. సుమిత్ర తనకు కావలసిన వంటగది బొమ్మలు ఫోనులో దాచుకుని మరీ కూర్చుంది. ముదురాకుపచ్చ మ్యాట్ షట్టర్లు కావాలి. షట్టరంటే అర తలుపు. అవి హ్యాండిల్‌లెస్ కావాలి, అంటే తలుపుకు పిడి ఉండదు, అంచున వేళ్లు దూరేంత గాడి ఉంటుంది, అందులో వేళ్లు పెట్టి లాగాలి. గోడ వారన నిలువెత్తు బీరువాలాంటి టాల్ యూనిట్ కావాలి. అన్నిటికన్నా ముందు చిమ్నీ కావాలి.

"పదమూడేళ్లు ఈ పొగలో కళ్లు మండించుకున్నాను మేడమ్. ఇంక నావల్ల కాదు" అంది. ఆమె బాధ నాకు అర్థమైంది. పాత వంటగదిలో పావుగంట నిలబడేసరికి నాకే కళ్లమ్మట నీళ్లు కారాయి.

ఆ గదిలో మట్టి పొయ్యి, దాని మీద వెదురు అటక. అటకకు మసిబారిన మూటలు ఆరు వేలాడుతున్నాయి. అవి విత్తనాలట. చోళ్లు, అంటే రాగులు; సామలు, జొన్నలు, కందులు, రెండు రకాల చిక్కుళ్లు. చైత్రంలో విత్తనాల పండగకి దేవత ముందు పెట్టి, వానలు పడ్డాక చల్లుకోవాలి. అందులో ఒక చిక్కుడు బుద్రమ్మ అత్తగారి కాలం నుంచీ ఏటేటా దాచుకుంటూ వస్తున్నదనీ, ఏ సంతలోనూ దొరకదనీ సుమిత్రే చెప్పింది. ఆ మూటలకేమైనా అయితే ఆ ఏడు కొండ మీద చేను బీడు పెట్టుకోవడమేనంది.

"ఆ బెంగ నాకు వదిలెయ్యండి" అన్నాను. అన్నిటికన్నా ముందు టాల్ యూనిట్ బిగిస్తాం, అందులో గాలి చొరబడకుండా మూతకు రబ్బరు రింగున్న స్టీలు డబ్బాలు ఆరు పెడతాం, చీమ కూడా దూరదు అని గొప్పగా చెప్పాను. బుద్రమ్మ అంతా విని, "మరి పొగ ఎటెల్తాదమ్మా?" అని ఒక్క ముక్క అడిగింది. చిమ్నీ లాగేసి గొట్టంలోంచి బయటికి పంపేస్తుంది, ఇంట్లో రవ్వంత కూడా మిగలదన్నాను. ఆవిడ లేచి తోటలోకి వెళ్లిపోయింది.

నాకు అనుమానం పాలు ఎక్కువ. పోలీసుల్లో చేరాల్సినదానివి అని మా ఆయన ఎప్పుడూ ఏడిపిస్తారు. ఈ ముసలావిడకు కొత్త వంటగది ఇష్టం లేదు, ఎక్కడో పుల్ల పెడుతుంది అని ఆ రోజే అనుకున్నాను.

బిగించే పనికి అప్పలరాజుని పెట్టాను. శృంగవరపుకోట మనిషి, నా దగ్గర తొమ్మిదేళ్లుగా హెడ్ మేస్త్రీ. టాల్ యూనిట్ నిలబెట్టి, మూటలు విప్పి డబ్బాల్లో నా చేత్తో నేనే పోశాను. పాత అటక విప్పేశారు. నేను వారానికోసారి వెళ్లి చూసి వచ్చేదాన్ని.

నాలుగో వారంలో సుమిత్ర స్కూలు నుంచి ఫోను చేసింది. తోటి టీచరుకు టాల్ యూనిట్ చూపిద్దామని తెరిస్తే రెండు డబ్బాలు ఖాళీగా ఉన్నాయట, కందులూ లేవు, జొన్నలూ లేవు. "అత్తమ్మకి ఇంకా చెప్పలేదు మేడమ్. తెలిస్తే మంచం పడుతుంది. మీ పనివాళ్లు తప్ప ఇంట్లోకి ఎవరూ రాలేదు" అంది. అంటే ఏమిటి, మావాళ్లు దొంగలనేగా. నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే ఘాట్ ఎక్కాను.

డబ్బాలు చూశాను. ఒలికినట్టు లేదు, ఎలుక కొట్టినట్టు లేదు. లోపల గుడ్డతో తుడిచినంత శుభ్రంగా ఉన్నాయి. నా బుర్ర ఒక్కచోటికే పోయింది. ముందువారం అప్పలరాజు బుద్రమ్మను నాలుగు గింజలు అడగడం నేను విన్నాను. మా దొడ్లో పెట్టుకుంటానమ్మా అన్నాడు. ఇంకేం కావాలి నాకు? బుద్రమ్మ తోటకెళ్లిన సమయం చూసి అతన్ని పిలిచాను. విత్తనాలేవని అడిగాను.

"నేను తియ్యనేదమ్మగారూ" అన్నాడు.

మరెవరు తీశారంటే తలొంచుకున్నాడు. రెండుసార్లు అడిగాను, మూడుసార్లు అడిగాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తెలియదని అన్నా ఊరుకునేదాన్నేమో, ఆ మాట కూడా అనలేదు. తప్పు చేసినవాడికే నోరు పెగలదని నేను తీర్మానించేశాను.

"తొమ్మిదేళ్లూ దొంగని పక్కనెట్టుకుని తిరిగానన్నమాట" అన్నాను. సుమిత్ర ముందర, మిగతా ఇద్దరు పనివాళ్ల ముందర అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ వంద సార్లు చెప్పింది. ఒక్కసారి కూడా చెవికెక్కించుకోలేదు. అప్పలరాజు ఉలులు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. నా డ్రిల్లు మిషన్ నా ముందే పెట్టి, రోడ్డు మీదికి వెళ్లి ఆటో ఎక్కేశాడు.

పని ఆగకూడదని నేను అరకులో గది తీసుకుని ఉండిపోయాను. మర్నాడు సుమిత్ర, నేను కలిసి డబ్బాలు ఒక్కొక్కటీ ఎత్తి చూశాం. మూడోది ఖాళీ. చోళ్లు పోయాయి. అప్పలరాజు ఊళ్లోనే లేడు.

నిన్న నేనన్న మాట తప్పని తేలిపోయింది. అయినా బుద్ధి రాలేదు, అనుమానం ఇంకొకరి మీదికి మళ్లిందంతే. ఈ సుమిత్రే పని నచ్చక మమ్మల్ని గెంటెయ్యాలని చేస్తోందేమో అనుకున్నాను. మిగిలిన ఇద్దరు పనివాళ్ల సంచుల వైపు ఓ కన్నేసి ఉంచాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టుకుని తీరతానని పంతం పట్టాను. గోడ మీద సూటిగా గీత కొట్టడానికి దారానికి పూసే నీలం పొడి ఒకటి మా దగ్గర ఉంటుంది. ఒకసారి అంటుకుంటే సబ్బుకు కూడా లొంగదు. సాయంత్రం పని ముగిశాక ఆ పొడి కాస్త టాల్ యూనిట్ తలుపు గాడిలో చల్లి వచ్చాను. వేళ్లు పెట్టకుండా ఆ తలుపు తెరవడం ఎవరివల్లా కాదు.

పొద్దున్న వెళ్లేసరికి బుద్రమ్మ నాకు కాఫీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు పట్టుకున్న మూడు వేళ్ల కొసలు నీలంగా ఉన్నాయి.

నేను గ్లాసు అందుకున్నాను. కాఫీ తాగాను. కాసేపటికి ఆవిడ కొంగు కింద ఏదో పట్టుకుని పెరటి దారిన బయల్దేరింది. కొంచెం ఎడంగా నేనూ నడిచాను. మూడిళ్ల అవతల రేకుల ఇంట్లోకి వెళ్లింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. లోపల కట్టెల పొయ్యి మండుతోంది. పైన పొగలో మూడు మూటలు వేలాడుతున్నాయి. బుద్రమ్మ పీట మీదెక్కి నాలుగోది కడుతోంది.

నన్ను చూసి బెదరలేదు. నిమ్మళంగా దిగింది. "పొగ నేకపోతే పురుగట్టేత్తాది తల్లీ. మూత తీత్తే కందుల్లో పొడి రాలింది. అందుకే ఒక్కోటీ ఇటట్టుకొచ్చేత్తన్నాను" అంది.

మరి ఆ మొదటి రోజే నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వేటడిగినావు? గోడలు కొలిసినావు, ఎల్లిపోయినావు. పొగ ఎటెల్తాదని నేనడిగితే, బయటికెల్లిపోద్దని సంబరంగా సెప్పినావు" అంది.

కోడలికైనా చెప్పాల్సిందన్నాను. ఆవిడ కొంగుతో నీలం వేళ్లు తుడుచుకుంటూ, "గుంట ఎన్నో ఏళ్ల నుంచి ముచ్చటపడతంది. పొగ కావాలంటే ఆ పనంతా ఆపీమంటాది. దాని ముచ్చట నేనెందుకు సెడగొట్టాల?" అంది.

ఇద్దరం గబగబా ఇంటికొచ్చి మిగిలిన రెండు డబ్బాలూ తెరిచాం. సామలు బాగానే ఉన్నాయి. రెండోది ఆ పాత చిక్కుడు. తోలు గట్టిది, ఆలస్యమైనా తట్టుకుంటుందని ఆవిడ దాన్ని చివరికి ఉంచింది. మూత తియ్యగానే ముక్కవాసన గుప్పుమంది. గింజ గింజకీ బొక్క. బుద్రమ్మ చేటలో పోసుకుని గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కటే ఏరింది. నలభై మూడు గింజలు తేలాయి. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. చీమ దూరదని చెప్పిన డబ్బాలో నేను చేజేతులా పురుగుల్ని మూతపెట్టి పెంచాను. ఆవిడ మాత్రం ఆ గింజల్ని మూటగట్టి, ఒక పాదు బతికినా మళ్లీ విత్తనమేనంది.

సుమిత్ర స్కూలు నుంచి వచ్చాక అంతా చెప్పాం. నాకు ఒక్క మాట చెప్పకూడదా అని అత్త మీద కోప్పడింది, తర్వాత ఆవిడ పక్కనే కూర్చుని ఆ నలభై మూడు గింజల మూట చేతిలోకి తీసుకుంది. వెనక వసారాలో పొయ్యి, దాని మీద వెదురు అటక కట్టాలని ఆ పూటే అనుకున్నాం. అప్పుడు బుద్రమ్మ మేస్త్రీ కనబడడం లేదేమని అడిగింది. నేను జరిగింది చెప్పాను.

ఆవిడ మొహం మాడిపోయింది. "ఎంత పని సేసినావు తల్లీ. ఆడు సూసినాడు. గుంటకి సెప్పొద్దని నేనే ఆడి సేతులట్టుకున్నాను" అంది.

మర్నాడు తిన్నగా శృంగవరపుకోట వెళ్లాను. అప్పలరాజు కుర్చీ వేశాడు, భార్య చేత టీ పెట్టించాడు. తప్పయిపోయింది, క్షమించమన్నాను. పర్లేదన్నాడు. అప్పుడైనా నన్ను పక్కకు పిలిచి ఒక్క మాట చెప్తే ఇంతదాకా వచ్చేది కాదు కదా అన్నాను. అప్పుడు తలెత్తి చూశాడు.

"మాటిచ్చేసినానమ్మగారూ. అయినా తొమ్మిదేళ్లు నన్ను సూసినారు. నేను తియ్యనేదంటే సాలదా?"

పనికి రమ్మని అడిగితే రానన్నాడు. ముసలమ్మ అటక మాత్రం కట్టేసి వస్తానని చెప్పి, అన్నట్టే ఒక్కడే వెళ్లి కట్టి వచ్చాడు. నేను ఇవ్వబోయిన కూలి తీసుకోలేదు. ఇప్పుడు సాలూరులో సొంతంగా పనులు చేసుకుంటున్నాడని విన్నాను.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా మొదటి రోజు టేపు బయటికి తియ్యను. ఆ వంటగదిలో ఎవరు వండుతారో వాళ్ల పక్కన కూర్చుని, ఏది ఎక్కడ ఎందుకుందో అడుగుతాను. ఇది తేలిగ్గానే అలవాటైంది. రెండోది మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. వర్క్‌షాపులో ఏదైనా కనబడకపోతే ఇప్పటికీ నా చూపు ముందు మనుషుల మొహాల మీదికే పోతుంది. వెంటనే అప్పలరాజు అడిగిన మాట గుర్తొస్తుంది. నోరు మూసుకుని, వస్తువుని నేనే వెతుక్కుంటాను.