గోడ వెనక ఇద్దరు

ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న అడుగుతున్నాను. ఏ అధికారీ జవాబివ్వలేదు. ఒకాయనైతే నా మాట సగంలో ఉండగానే టిఫిన్ డబ్బా తెరిచాడు. ఆ మొహం నాకింకా గుర్తుంది.

ఎనభైల చివర్లో బొగ్గుబాయి కప్పు కూలి మా నాయన లోపలే ఉండిపోయాడు. అక్కడే మంటలు లేచాయని, గాలి ఆడకుండా గోడ కట్టి మూసేశారు. శవం దొరకక, దర్భలతో బొమ్మ చేసి గోదావరి ఒడ్డున కాల్చాం. నా మనసు మాత్రం ఒప్పుకోలేదు.

ఒకసారి బొగ్గు కంపెనీ ఆఫీసు నుంచి ఉత్తచేతులతో గోదావరిఖని బస్సెక్కాను. పక్కన కూర్చున్న తెల్లటోపీ పెద్దాయన నా ఒళ్లోని అర్జీలో బాయి పేరు చూసి అడిగాడు.

"ఏమన్నరు బిడ్డా?"

"రేపు రమ్మన్నరు కాకా."

"వాళ్ల రేపు ఎన్నడు రాదు. మా తమ్ముడు గూడ ఆ గోడెనకనే ఉన్నడు. మయ్యత్ దొరకలే, శవం లేకుంటనే నమాజు చదివినం."

"మంట మా నాయనదాంక పోయిందంటే చాలు కాకా. కాలిండని నిమ్మళంగుంట."

ఆయన నా వైపు తిరిగాడు.

"గట్లనకు బిడ్డా. ఇద్దరు ఒక్కకాడనే పని చేసిండ్రు. మావోనికి మన్ను కావాలె, మంట వద్దు."

దిగేముందు ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకు తిరిగే ఓపిక లేదు. నువ్వు మాత్రం అడుగుడు బందు చెయ్యకు."

అందుకే అడుగుతున్నాను. వాళ్లమీద పడింది మట్టేనా, మంట కూడా చేరిందా? రెండిళ్లలో ఎవరి మొర దేవుడు విన్నాడో, ఆ గోడ కట్టించినవాళ్లు ఇకనైనా చెప్పండి.