ఊపిరి తీసుకోని దుంగ

ఈ రోజు శుక్రవారం. మా మరిది సోమవారం పొద్దున పోయాడు. పాన్‌గల్ నుంచి ట్రాక్టరు మీద వస్తుంటే కాలువ గట్టు విరిగి బండి తిరగబడింది. ఇంజను కింద ఛాతీ నలిగిపోయింది. ఊరంతా కలిసి ఎత్తేసరికి ఊపిరి లేదు.

సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. వద్దన్నాను. అలాంటి సభల్లో పోయినవాళ్లంతా దేవుళ్లయిపోతారు. వనపర్తిలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఒక వైపే రాస్తే లెక్క కాదని నాకు తెలుసు. అందుకే అతడి గురించి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఈ రోజే రాయడానికి ఇంకో కారణముంది. రేపు పొద్దున మా మనవరాలు హైదరాబాదు బస్సు ఎక్కాలా వద్దా అని ఇంట్లో కొట్లాట జరుగుతోంది. దానికి జవాబు పోయిన మనిషి దగ్గరే ఉంది.

మా మరిది మెత్తని మనిషి కాడు. మా ఊళ్లో ఉట్ల పండుగకు పొడవాటి మాను పాతి, ఆముదం, కలబంద గుజ్జు, బంకమన్ను పూస్తారు. పైన ఉట్టిలో కొబ్బరికాయ కడతారు. కుర్రవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడి దానికోసం ఎక్కుతుంటే, ఒక మనిషి నీళ్లు కొట్టి వాళ్లను దించాలి. ప్రతి ఏడూ ఆ పని మా మరిదిదే. ఇంకెవరైనా అయితే నీళ్లు చల్లేవారు. అతడు కొట్టేవాడు. బకెట్టు నీళ్లు ముఖాన పడితే చెంపదెబ్బలా మోగేది. అందిన కాళ్లను తడి తువ్వాల పేని బాదేవాడు. పిల్లల పిక్కల మీద ఎర్రగా వాతలు తేలేవి. ఒక ఏడు పైవాడు జారి కిందివాడి మీద పడ్డాడు, కిందివాడి భుజం ఎముక విరిగింది. నేను కోపంగా వెళ్లి నిలదీశాను.

"ఇంత కసి ఏందయ్యా నీకు? మన పిల్లలు కారా వాళ్లు?"

"మన పిల్లలే గద వదినా. నేను మెల్లగ కొడితె ఉట్టి అగ్గువైతది, దానికి ఇలువుండది."

ఆ జవాబు నాకప్పుడు నచ్చలేదు. ఇప్పుడూ పూర్తిగా నచ్చిందని చెప్పను. కానీ మంగళవారం అతడి పాడెకు ముందు భుజం పట్టింది ఆ ఎముక విరిగిన మనిషే. అదే భుజం.

రెండో వైపు కూడా రాయాలి. మా ఆయన చనిపోయిన ఏడు, మా బోరు ఉన్న చోటు తమదంటూ పక్క చేనివాళ్లు కర్రలు పట్టుకుని చేని హద్దు గెట్టు మీదికి వచ్చారు. నేను బోరు దగ్గర ఒంటరిగా ఉన్నాను. మా మరిది చేనుకు అడ్డంగా ఒట్టి చేతులతో నడిచి వచ్చాడు. మొదటి కర్ర అతడి ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. తర్వాతిది నెత్తి మీద పడింది. రక్తం కళ్లలోకి కారుతున్నా అడుగు ఆగలేదు. దెబ్బలు తింటూనే వెళ్లి ఎదుటివాడి కర్ర గుంజుకుని వాడి మోకాలు విరగ్గొట్టాడు. మిగతావాళ్లు పారిపోయారు. గెట్టు ఈనాటికీ మాదే. అతడి ఎడమ చెయ్యి మాత్రం మళ్లీ సాపు కాలేదు. ఆ వంకర చేతి మీద పళ్లెం ఆనించుకుని అన్నం తింటూ, "పీట కొననక్కర లేకుంట చేసిండ్రు వదినా" అని నవ్వేవాడు.

మా మనవరాలు నాగర్‌కర్నూల్లో చదువుతోంది, కబడ్డీ ఆడుతుంది. మా ఊళ్లో ఆడపిల్లలు ఉట్లు ఎక్కరు. అది ఎక్కుతానంటే మా మరిది తన చేలో ఒక తాటిమొద్దు పాతాడు. బకెట్టు పట్టుకుని ఎదురుగా నిలబడి, మగపిల్లలను కొట్టినట్టే దాన్నీ కొట్టాడు.

"నీళ్లు వడ్డప్పుడు మాను గర్చుకోని ఉండు బిడ్డా. కొట్టెటోడు బకెట్టు ముంచనీకె వంగుతడు. వాడు ఊపిరి తీస్కునే సందుల నువ్వు పైకి పోవాలె." అతడు నేర్పిన విద్య అంతా అదే.

ఆ విద్యతోనే అది టీవీలో వచ్చే ఆటంకాల పోటీకి ఎంపికైంది. అన్ని ఆటంకాలూ దాటింది. చివరిది నిలువు దుంగ. నూనె రాసిన కొయ్య, దాని చుట్టూ మోటరుతో తిరిగే లావుపాటి చేతులు. మెత్త చుట్టామంటారు గానీ, తగిలితే మనిషి గోనెసంచిలా ఎగిరి నీళ్ల గుంటలో పడతాడు. మా ఇంట్లో జనమంతా టీవీ ముందు కూర్చున్నారు. పిల్ల సగం దాకా ఎక్కింది. అక్కడ దుంగను కరుచుకుని ఆగిపోయింది. ఒక చెయ్యి వీపు మీద కొట్టింది. ఇంకోటి పక్కటెముకల మీద. అయినా కదల్లేదు.

"ఎక్కు పిల్లా! ఏం జూస్తున్నవే!" అని మా తోడికోడలు, మరిది భార్య, అరిచింది. మూడో దెబ్బ నోటి మీద పడింది. తెర మీద రక్తం కనపడింది, ఆ తర్వాత పిల్ల కనపడలేదు.

పక్కటెముక చిట్లి, పెదవికి కుట్లతో ఇంటికి వచ్చింది. మా మరిది మంచం పక్కన కూర్చున్నాడు.

"ఎందుకు ఆగినవ్ బిడ్డా?"

"సందు కోసం చూసిన చిన్నతాతా. రాలె."

అతడి ముఖం అలా వాడిపోవడం నేను ముందెప్పుడూ చూడలేదు. "మనిషి అలుస్తడు. అది మిషను. దానికి ఊపిరి యాడిది? నిన్ను వడగొట్టింది దుంగ గాదు, నేను" అన్నాడు. నా వైపు తిరిగాడు.

"వదినా, ఆ దినం గెట్టు కాడ నాకు సందు దొర్కెనా?"

"లేదు. దెబ్బ పడుతుండగానే నడిచావు."

"మరి గదెందుకు నేర్పకపోతి?"

పిల్ల పక్కటెముక అతుక్కోగానే మా మరిది బకెట్టు పారేశాడు. బోరు పైపును మొద్దు ఎదుట కొయ్యకు కట్టి మోటరు వేశాడు. దానికి ఆటో స్టార్టర్ ఉంది. కరెంటు రాగానే మోటరు దానంతటదే తిరుగుతుంది, కరెంటు ఉన్నంతసేపు నీళ్లు ఆగకుండా కొడుతూనే ఉంటాయి. పిల్ల పడింది, లేచింది, నీళ్లు కక్కింది. గోరు ఊడింది. మా పెద్దకొడుకు, అంటే పిల్ల తండ్రి, చేలోకి వెళ్లి అతడి గల్లా పట్టుకున్నాడు.

"నా బిడ్డను సంపుతవా చిన్నాయినా?"

"సంపేది ఆ దుంగరా. మల్ల పిలుస్తరంట గద. పోతె ఎట్ల ఎక్కాల్నో సూపెడుతున్న. దెబ్బ ఆగినంక గాదు, దెబ్బలనే పోవాలె."

నిజంగానే పిలుపు వచ్చింది. ఓడినవాళ్లలో కొందరికి ఎల్లుండి, ఆదివారం, ఇంకో అవకాశం. మొన్న ఆదివారం సాయంత్రం పిల్ల ముఖాన పడుతున్న నీళ్లలోంచే పాకి, మొద్దు చివర కట్టిన కొబ్బరికాయను పగలగొట్టింది. నేను చూశాను. చప్పట్లు కూడా కొట్టాను. మా మరిది కొట్టలేదు. "దిగు. మల్ల ఎక్కు" అన్నాడు. దానితో అతడు అన్న చివరి మాట అదే. తెల్లారి ట్రాక్టరు తిరగబడింది.

నిన్న ఇంట్లో గొడవ పెద్దదైంది. "దినాలు కాకముందే మైలలో పోయి టీవీల గెంతుతదా? మంది మొకాన ఉమ్మరా?" అన్నాడు మా కొడుకు. "ఏడాది పోనీ. వచ్చే ఏడు జూద్దం."

మా తోడికోడలి పుట్టిల్లు గద్వాల వైపు. ఈ నాలుగు రోజులూ నోరు తెరవని మనిషి, గోడకు ఆనుకున్నదల్లా లేచింది. "ఏడాది ఆగితె దుక్కం ఆగుతదారా? నా మొగడు నీళ్లు కొట్టింది పిల్లను ఇంట్ల కూసోవెట్టనీకె గాదు. పోనియ్యక్కా!" అని నా వైపు చూసింది.

నా తీర్పు కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. అది ఇది. ఇంట్లో ఎవరూ మార్చకూడదు.

1. మనవరాలు రేపు పొద్దున మొదటి బస్సుకు పోతుంది. నేను వెంట పోతాను. మంది ఏమన్నా నన్నే అనాలి.

2. దినాలు పెద్దకొడుకు జరిపిస్తాడు. ఆ రోజుకు మేమిద్దరం తిరిగి వచ్చి ఉంటాం.

3. మా తోడికోడలిని ఒంటరిగా వదలకూడదు. తినకపోతే బతిమాలొద్దు, తిట్టండి. ఆమెకు అదే అలవాటు.

4. చావు జరిగిందని ఈ ఏడు ఉట్లు ఆపొద్దు. నీళ్లు కొట్టేవాడు జాలిపడొద్దు.

5. చేలో ఆటో స్టార్టర్ ఎవరైనా కట్టెయ్యాలి. సోమవారం నుంచీ ఎవరికీ చేతులు రాలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పైపు ఒకసారి దగ్గి, ఎవరూ లేని మొద్దును మళ్లీ కొట్టడం మొదలుపెడుతోంది. ఈ వాక్యం రాస్తుండగా కరెంటు వచ్చింది. మనవరాలు జుట్టు బిగించి ముడేసుకుని చేను వైపు నడుస్తోంది. స్టార్టర్ కట్టెయ్యమని ఇప్పుడే చెప్పను.