దొరగారికి నులక తాడు

మా చిన్నప్పుడు రేపల్లెలో మా ఇంటి వసారాలో ఒక దొరగారు ఉండేవారు... పంజరంలో. రామచిలక లెండి. ఆ పేరు పెట్టింది నాన్న. దాని సేవకురాలిని నేను.

బడి నుంచి రాగానే పల్లీలు ఒలిచి, పొట్టు ఊది, జామకాయ సన్నగా తరిగి గిన్నెలో పెట్టేదాన్ని. వడ్లు కూడా గోటితో ఒలిచేదాన్నంటే నా పిచ్చి చూడండి.

అంత చేసినా దొరగారు తన ఈకలు తనే పీక్కోవడం మొదలుపెట్టారు. రొమ్ము మీద చర్మం ఎర్రగా బయటపడింది... నేను ఇంకా ఎక్కువ ఒలిచాను. ఆయన ఇంకా ఎక్కువ పీక్కున్నారు.

"ఆదివారం చర్చి అయ్యాక బాపట్లలో పెదనాన్న వాళ్ళకి ఇచ్చేద్దాం. ఇక్కడుంటే చచ్చిపోద్ది" అన్నారు నాన్న. నేను అన్నం మానేసి ఏడ్చాను.

ఆ శుక్రవారమే కొలకలూరు నుంచి మా మేనత్త సుగుణత్త వచ్చింది. తెల్లారితే పొలంలో ఉండే మనిషి. నేను పల్లీలు ఒలుస్తుంటే కాసేపు చూసి, "ఏంటే, అరటిపండు ఒలిచి నోట్లో పెట్టినట్టు... దానికి లేంది తిండి కాదే, పని. పనీపాటా లేకుండా కూర్చోబెడితే నేనైనా జుట్టు పీక్కుంటా" అంది.

పెరట్లో విరిగిన నులక మంచం ఒకటి ఉండేది. దాని తాడు మూరెడు కోసి, ముడులేసి, ఆ ముడుల్లో ఒలవని పల్లీకాయలు దోపి, పంజరం లోపల పైనుంచి వేలాడేలా కట్టింది.

"పాపం అత్తా, దానికి కష్టం" అన్నాను.

"కష్టపడనీ" అంది.

దొరగారు మొదట భయపడి మూలకు నక్కారు. మర్నాడు మాత్రం తాడు పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ, మధ్యాహ్నం దాకా ఆ ముడులతో కుస్తీ పట్టారు. ఈకల జోలికే పోలేదు. ఆదివారం నాన్న పంజరం దించలేదు. కొన్ని నెలలకు రొమ్ము మీద మళ్ళీ పచ్చగా ఈకలొచ్చాయి.

నాకు మాత్రం సిగ్గేసింది... ప్రేమంటే ఒలిచి పెట్టడమే అనుకున్నాను.

ఇప్పుడు రామచిలకల్ని పంజరంలో పెట్టకూడదు. అది న్యాయమే. తెనాలిలో మా ఫ్లాట్లో మా అమ్మాయి లవ్ బర్డ్స్ పెంచుతోంది. మొన్న వాటిలో ఒకటి మెడ దగ్గర ఈకలు పీక్కుంటుంటే, ఫోనులో ఏదో చదివి, "అమ్మా, వీటికి తిండి కొంచెం కష్టపడితేనే దొరకాలంట" అంది. నాకు సుగుణత్త గుర్తొచ్చింది.

నులక కోసం ఊరంతా తిరిగాను. ఏ షాపులో అడిగినా నైలానే. అత్తా లేదు, ఆ మంచాలూ లేవు...

మీ అటక మీద పాత నులక మంచం ఏదన్నా ఉంటే చెప్పండి. మూరెడు తాడు చాలు. "కష్టపడనీ" అన్న మనిషి మీ ఇంట్లో ఎవరో, అది కూడా రాయండి.