నాకంటే ముందు వచ్చిన సుధాకర్

మనిషి ఎముకల పెట్టెను మంచం కింద పెట్టుకుని ఏడాదిన్నర నిద్రపోయినవాణ్ణి. దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. ఇప్పటికీ నమ్మను. తెనాలిలో జరిగిన ఈ ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లయినా మింగుడు పడలేదు.

ఎనభైల చివరి మాట. మాది చెరుకుపల్లి. నాన్న లూథరన్ బడిలో టీచరు. మా చర్చిలో మెడిసిన్ సీటు తెచ్చుకున్న మొదటివాణ్ణని నన్ను ముందుకు పిలిచి ప్రార్థన చేశారు. ఏడాది తిరక్కుండానే నాకు అన్నం సయించడం మానేసింది. పుస్తకం తెరిస్తే అరగంటైనా అదే లైను. చచ్చిపోవాలనిపించేది. అందుకు కావలసింది సంపాదించి, అనాటమీ చదువు కోసం కొనుక్కున్న ఎముకల పెట్టెలో, పుర్రె కింద దాచాను కూడా. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మా కాలేజీ ఆస్పత్రిలో చూపించుకుంటే మర్నాటికి హాస్టలంతా తెలిసిపోతుంది. అందుకే ఒక శనివారం పొద్దున రేపల్లె పాసింజరెక్కి తెనాలిలో దిగాను. అక్కడ ఒక పెద్దాయన మానసిక జబ్బులకి వైద్యం చేసేవారు. రైల్లోనే అబద్ధాలు అల్లుకున్నాను. పేరు కె. సుధాకర్, ఊరు బాపట్ల, చదువు బి.కాం. డాక్టర్లు ఏ ప్రశ్న తర్వాత ఏది అడుగుతారో ముందే చదివేశాను. ఏం చెబితే ఇంట్లోవాళ్లని పిలిపిస్తారో అవన్నీ దాచి, నిద్ర పట్టడం లేదని మాత్రం చెప్పాలనుకున్నాను. మెడికోల తెలివి అలాగే ఏడుస్తుంది.

పేరు చెప్పగానే ముసలి కాంపౌండరు బీరువా తెరిచాడు.

"నీ కార్డు ఉందిగా బాబూ."

"లేదండి, నేను రావడం ఇదే మొదలు."

"పోయిన నెల వచ్చి ఆ బల్ల మీదే కూర్చున్నావు. అప్పుడే మర్చిపోయావా ఏంటి?"

కార్డు చూశాను. కె. సుధాకర్, బాపట్ల, బి.కాం. గంట కిందట రైల్లో పుట్టిన అబద్ధం నెల కిందటి తేదీతో ఉంది. నా రూమ్మేట్ ప్రసాద్ పనే అనుకున్నాను. వాడు పెట్టె తెరిచి చూసి, ఇక్కడికొచ్చి చెప్పి ఉంటాడు. మరి ఈ పేరు వాడికెలా తెలుస్తుంది?

డాక్టరుగారు కార్డు చదువుతుంటే ఎదురుగా కూర్చుని తలకిందుల అక్షరాలు కూడబలుక్కున్నాను. చనిపోవాలన్న ఆలోచన ఉంది. ఎముకల పెట్టెలో దాచాడు. వారంలో రమ్మన్నాను. దాని కింద, వేరే సిరాతో, రాలేదు అని ఉంది.

"బి.కాం. కుర్రాడికి ఎముకల పెట్టె ఎందుకయ్యా అని అప్పుడే అనుమానం వచ్చింది," అన్నారాయన. "అది ఇంకా పెట్టెలోనే ఉందా?"

నేను నేర్చుకొచ్చిన జవాబుల్లో ఒక్కటీ పనికి రాలేదు. ఏడ్చేశాను. నా అసలు పేరు చెప్పాను. నాన్న పేరు, బడి పేరు కూడా చెప్పాను.

డాక్టరుగారు బడికి కబురు పెడితే ఆ మధ్యాహ్నమే నాన్న తెనాలి వచ్చాడు. ఇద్దరం హాస్టలుకి వెళ్లాం. నాన్న ఎన్నడూ ఎముకలు ముట్టుకున్నవాడు కాదు. పెట్టె తనే లాగి, పుర్రె పైకెత్తి, కింద ఉన్నది తీసి జేబులో వేసుకున్నాడు. ఏడాదికి పైగా మందులు వాడాను. చదువు పూర్తయింది.

ఈ లోపు నేను అనుమానించని మనిషి లేడు. ప్రసాద్‌ని నిలదీశాను. వాడు తెనాలి స్టేషనులో ఎప్పుడూ దిగలేదని ఒట్టు పెట్టాడు. నేనే వచ్చి మర్చిపోయానేమో అనుకుందామంటే, కార్డు మీది తేదీన మాకు అనాటమీ పరీక్ష. సాయంత్రం దాకా డిసెక్షన్ హాల్లోనే ఉన్నాను. ఆ రోజు నాకొచ్చిన మార్కులు కూడా ఉన్నాయి. పోనీ, నా చేత నిజం చెప్పించడానికి డాక్టరుగారు ఆడిన నాటకమా? నేను పేరు చెప్పిన మరునిమిషమే కార్డు నా చేతిలో ఉంది. రాసే వ్యవధి ఎక్కడిది?

తొంభైలలో రేపల్లెలో ప్రాక్టీసు పెట్టాక వెళ్లి ఆ కార్డు అడిగి తెచ్చుకున్నాను. నేను వెళ్లింది పద్నాలుగు సార్లు. అందులో పదిహేను తేదీలు ఉన్నాయి.

ఆ మొదటి తేదీన వచ్చిందెవరో నాకు ఈనాటికీ తెలియదు. వారం తర్వాత ఎందుకు రాలేదో ఆలోచించాలంటే ఇప్పటికీ భయమే. పేరు, ఊరు, చదువు నాలాగే అబద్ధం చెప్పాడు. పెట్టె సంగతి మాత్రం నిజం చెప్పాడు. అది కూడా దాచి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు.