మూడు చేతుల మీద ఒకే లంగరు

మా పల్లెలో సముద్రం మీదికి పోయే ప్రతి మగవాడి చేతి మీదా పచ్చబొట్టు ఉండేది. పైన పేరు, కింద ఊరు. మా నాన్నది వంకరటింకరగా, సగం చెరిగినట్టు ఉంటుంది. ఎప్పుడో తిరునాళ్లలో సూదితో పొడిపించుకున్నాడట. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "నోటితో అనే మాట కాదు, గమ్మునుండు" అని కసిరేవాడు.

నేను కావలిలో డిగ్రీ చదివాను. ఆ చదువు నాకు తెలివికన్నా పొగరు ఎక్కువ నేర్పింది. మా మేనమామ కొడుకూ, పక్కింటి పెద్దమ్మ కొడుకూ పదో తరగతితో బడి మానేసి ఒకే ఫైబర్ బోటు మీద వేటకు వెళ్లేవాళ్లు. ముగ్గురిదీ ఒకే ఈడు. నా డిగ్రీ అయిపోయిన సంతోషంలో, ముగ్గురం టాటూ వేయించుకుందామని వాళ్లను కావలికి లాక్కెళ్లింది నేనే.

బస్టాండు దగ్గర మేడ మీద షాపు. ఏసీ, నల్ల కుర్చీ, గోడ నిండా పులులూ పుర్రెలూ. లంగరు బొమ్మ, కింద 'అమ్మ' అన్న అక్షరాలు. ఆ డిజైను ఎంచిందీ నేనే. ముగ్గురికీ ఎడమ చేతి మీద, ఒకే చోట, ఒకే కొలతలో వేయమన్నాను.

పెద్దమ్మ కొడుకు కుర్చీలో కూర్చుని నసిగాడు. "దీని కింద నా పేరు కూడా ఏపిచ్చుకుంటాన్రా. మాయమ్మ మరీ మరీ చెప్పి పంపించింది."

"పేరెందుకురా? తిరునాళ్లలో తప్పిపోతావా ఏంది?" అన్నాను. మా బావ పగలబడి నవ్వాడు. టాటూ వేసే ఆయన కూడా నవ్వాడు. వాడు పేరు సంగతి వదిలేసి చెయ్యి చాపాడు. వాడి చెయ్యి అయిపోయాక నేను కూర్చున్నాను. మిషను చర్మం మీద గీసుకుపోతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, బింకంగా ఫోను చూస్తూ ఉండిపోయాను.

ఇంటికెళ్లగానే మా నాన్న నా చెయ్యి తిప్పి చూశాడు. "పేరేదిరా?" అన్నాడు.

"ఇది ఫ్యాషన్ నాయనా."

"నీదేముందిలే, నువ్వు నీళ్లలోకి పొయ్యేవాడివి కాదు. వాళ్లిద్దరికన్నా చెప్పకపోతివా."

రెండేళ్లకు వాళ్ల బోటు తిరగబడింది. ఇద్దరూ దొరకలేదు. తొమ్మిదో రోజు, మాకు చాలా దూరాన, వాకాడు వైపు ఒడ్డుకు ఒక శరీరం కొట్టుకొచ్చిందని ఫోను వచ్చింది. ఇద్దరి తండ్రులతో నేనూ వెళ్లాను.

మొహం లేదు. ఒంటి మీద గుడ్డల్లేవు. మొలతాడు నల్లది, ఇద్దరికీ ఉండేది అదే. ఇద్దరూ ఒకే ఒడ్డూ పొడుగూ. ఎడమ చేతి మీద మాత్రం లంగరు ఉంది. కింద 'అమ్మ'. మంచి ఇంకు, ఎన్నాళ్లయినా పోదని షాపాయన చెప్పాడు. అబద్ధం చెప్పలేదు. మా నాన్న నోటితో అనని మాటేమిటో అప్పుడు నా బుర్రకెక్కింది.

గట్టిగా గుర్తుపడితే తీసుకెళ్లవచ్చు, లేకపోతే డీఎన్ఏ పరీక్షకు పంపాలి, చాలా రోజులు పడుతుంది అన్నారు పోలీసులు. మా మామ నా భుజం పట్టుకున్నాడు. "నువ్వే గదా అబ్బయ్యా దగ్గరుండి ఏపిచ్చింది. చూసి చెప్పు, ఎవురిది?"

నాకు తెలియదు. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. నా చేతి మీద ఉన్న బొమ్మే అక్కడా ఉంది, అంతకుమించి నాకేం తెలుసు? కానీ మామ నా భుజం వదల్లేదు. ఆయన నా మేనమామ. "బావే మామా" అన్నాను. చుట్టరికం తప్ప ఇంకో కారణం లేదు. ఉందని నన్ను నేను నమ్మించుకోవాలని చాలా చూశాను, కుదరలేదు.

పక్కనే రెండో తండ్రి గట్టిగా ఊపిరి వదిలాడు. కొడుకు బతికాడన్న ఊపిరి అది. అది విన్నాక మాట వెనక్కి తీసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. పిరికి వెధవని. శవాన్ని మా మామ తెచ్చుకున్నాడు. మా అత్త దాని మీద పడి ఏడ్చింది. పదకొండో రోజు తంతు కూడా జరిగింది.

రెండో శరీరం ఇప్పటికీ రాలేదు.

మొన్న పల్లెకు వెళితే పెద్దమ్మ ఎదురుపడింది. నెత్తి మీది చేపల గంప దించి, తడి చెయ్యి చీరకు తుడుచుకుని, నా గడ్డం పట్టుకుంది.

"ఆ పొద్దు నువ్వు సరిగ్గా గుర్తుపట్టబట్టి సరిపోయింది నాయనా" అంది. "లేకుంటే నా బిడ్డ యాడో బతికే ఉండాడని నాకెట్టా తెలిసేది?"

"అవును పెద్దమ్మా" అన్నాను.